నాలుగు నెలల తర్వాత మళ్ళీ గోల్ఫ్: ముందు గ్రిప్పులు, ఆఖర్న డ్రైవర్

ఒకరు అడిగిన ప్రశ్న క్లుప్తంగా ఇదీ. నెల్లూరులో ఉంటారు, వయసు 48, కుడిచేతి ఆట, హ్యాండీక్యాప్ 18 (కోర్సుకి పెట్టిన లెక్క, అంటే పార్ కన్నా, బాగా ఆడిన రోజున సుమారు ఎన్ని దెబ్బలు ఎక్కువ పడతాయో చెప్పే అంకె). ఆదివారాలు చెన్నై వెళ్ళి ఆడేవారు. అక్టోబరులో వానలు పట్టుకోగానే ఆట ఆగింది. ఆ తర్వాత తుపాన్లు, పెళ్ళిళ్ళు, సంక్రాంతి. ఫిబ్రవరిలో రేంజ్‌కి (బంతులు కొట్టి సాధన చేసే చోటు) వెళ్ళి ఒకే పూట 150 బంతులు కొట్టారు. డ్రైవర్‌తో (బంతిని అన్నిటికన్నా దూరం పంపే పొడుగు క్లబ్బు, అంటే కర్ర) కొట్టిందల్లా కుడివైపు తిరిగిపోయింది, ఐరన్లలో (మధ్య దూరాలకి వాడే లోహపు తల క్లబ్బులు) సగం షాట్లకి బంతికన్నా ముందు నేల తగిలింది, ఆపైన రెండు రోజులు కుడి మోచేయి లోపలివైపు లాగింది. మార్చి చివర్లో స్నేహితులతో 18 హోల్స్ ఆడతానని మాటిచ్చారు. కొత్త డ్రైవర్ కొనాలా, స్వింగ్ మళ్ళీ మొదటినుంచి నేర్చుకోవాలా, కోచ్ దగ్గరికి వెళ్ళాలా, పూటకి ఎన్ని బంతులు కొట్టాలి అని అడుగుతున్నారు.

సూటిగా చెప్పాలంటే: డ్రైవర్ కొనకండి, స్వింగ్ జోలికి పోకండి. ముందు గ్రిప్పులు (క్లబ్బుని పట్టుకునే చోట ఉండే రబ్బరు తొడుగులు) కడగండి, గట్టిపడినవి మార్పించండి. ఆటని గ్రీన్ (బంతి పడాల్సిన గుంట, అంటే కప్పు ఉండే నున్నటి పచ్చిక) దగ్గర మొదలుపెట్టి వెనక్కి టీ (హోల్‌కి మొదటి దెబ్బ కొట్టే చోటు) వైపు తీసుకురండి. మొదటి వారం పట్టింగ్ (గ్రీన్ మీద బంతిని దొర్లించడం), చిప్పింగ్ (గ్రీన్ దగ్గరనుంచి కొద్దిగా లేపి కొట్టడం). రెండో వారం వెడ్జ్ (దగ్గరి దూరాలకి వాడే, ముఖం బాగా వాలిన క్లబ్బు), 9 ఐరన్, 7 ఐరన్ (అంకె పెరిగేకొద్దీ దూరం తక్కువ). డ్రైవర్ మూడో వారం చివర్లో. పూటకి 40 బంతులు, వారానికి రెండు పూటలు, రెండింటికీ మధ్య కనీసం ఒక రోజు ఖాళీ. మోచేతి నొప్పి పూర్తిగా పోయాకే ఈ లెక్క మొదలుపెట్టాలి.

విరామం తర్వాత ఏం చేయాలో చెప్పే సలహాల్లో ఎక్కువ భాగం మంచు దేశాల వాళ్ళు రాసినవి. అక్కడ చలికి ఆట ఆగుతుంది, సామాను గదిలో పొడిగా పడి ఉంటుంది, తిరిగి మొదలుపెట్టేటప్పటికి వాతావరణం హాయిగా ఉంటుంది. మనకి పూర్తిగా తిరగబడి ఉంటుంది. ఈశాన్య రుతుపవనాల వానకి ఆగుతాం, ఆ మూడు నెలలూ సామాను ఉప్పుగాలికీ చెమ్మకీ నాని పాడవుతుంది, మళ్ళీ పట్టుకునే వేళకి ఎండలు ముదురుతుంటాయి. అందుకే సామానుతో మొదలుపెడతాను.

గ్రిప్పులు

మీరు చెప్పిన మూడు బాధల్లో కనీసం రెండింటి వెనక గ్రిప్పు ఉండే అవకాశం ఎక్కువ. వానాకాలం అంతా జిప్ వేసిన సంచిలో ఉన్న రబ్బరు గ్రిప్పు మీద పాత చెమట, చేతి జిడ్డు, చెమ్మ కలిసి సన్నని పొర కడతాయి. వెలుతురులో పెడితే బొటనవేళ్ళు ఆనే చోట అద్దంలా మెరుస్తుంది. ఆ జారుడు మీకు తెలియకపోయినా చేతికి తెలుస్తుంది, అది గట్టిగా బిగిస్తుంది. బిగిస్తే ముంజేయి కర్రలా అవుతుంది, మణికట్టు తిరగాల్సిన సమయానికి తిరగదు, క్లబ్బు ముఖం తెరుచుకునే ఉండి బంతి కుడికి పోతుంది. వేళ్ళని బిగించే కండరాల్లో చాలావరకు మోచేయి లోపలి ఎముక దగ్గరే అతుక్కుని ఉంటాయి. 150 సార్లు బిగిస్తే భారం పడేది సరిగ్గా మీకు లాగుతున్న చోటే.

కడగడం ఇలా. అర బకెట్ గోరువెచ్చని నీళ్ళలో ఒక చెంచా గిన్నెలు తోమే లిక్విడ్ వేయండి. గ్రిప్పు చివర చిన్న రంధ్రం ఉంటుంది, దాన్ని బొటనవేలితో గానీ ముక్క టేపుతో గానీ మూసి ఉంచండి. నీళ్ళు అందులోంచి షాఫ్ట్‌లోకి, అంటే క్లబ్బు గొట్టంలోకి, దిగితే స్టీలు లోపలినుంచి తుప్పు పడుతుంది, బయటికి కనిపించదు. అందుకే గ్రిప్పుని బకెట్లో ముంచి వదిలేయకూడదు. పాత టూత్ బ్రష్‌తో గీతల వెంట రుద్ది, తడిగుడ్డతో సబ్బు పోయేదాకా తుడిచి, తువ్వాలుతో ఒత్తి, ఫ్యాన్ కింద రాత్రంతా వదిలేయండి. ఎండలో పెట్టొద్దు, రబ్బరు గట్టిపడుతుంది.

ఆరాక బొటనవేలి గోటితో నొక్కి చూడండి. గుంట పడి వెంటనే పైకి లేస్తే గ్రిప్పు బతికే ఉంది. గోరు జారిపోయినా, సన్న పగుళ్ళు కనిపించినా, చేతికి నల్లగా అంటినా మార్చాల్సిందే. వాడకం బట్టి ఏడాదికో, నలభై రౌండ్లకో ఒకసారి మార్చడం మామూలు లెక్క. మన కోస్తా చెమటకి అంతకన్నా ముందే పోతాయి. సెట్ మొత్తానికి కొత్త గ్రిప్పులు వేసినా ఒక కొత్త డ్రైవర్ ధరలో చిన్న భాగమే అవుతుంది.

ఇంట్లోనే వేసుకోవచ్చు. వంపు బ్లేడుతో పాత గ్రిప్పుని ఒంటికి దూరంగా కోసుకుంటూ పోవాలి. గ్రాఫైట్ షాఫ్ట్ మీద మామూలు కత్తి పెట్టకండి, నారపొర తెగితే అక్కడే విరుగుతుంది. పాత టేపు పూర్తిగా గీకి, కొత్త డబుల్ సైడ్ టేపు చుట్టి, చివర ఒక సెంటీమీటరు మిగిల్చి గొట్టం లోపలికి మడవండి. కొత్త గ్రిప్పు రంధ్రం మూసి, పెయింట్ షాపులో దొరికే టర్పెంటైన్ కొంచెం పోసి కుదిపి, అదే ద్రవాన్ని టేపు మీద పొర్లేలా పోసి, ఒక్క తోపుతో చివరిదాకా ఎక్కించాలి. మధ్యలో ఆపితే అక్కడే పట్టేస్తుంది. గీతలు సరిచూసుకోవడానికి కొన్ని క్షణాలే టైము ఉంటుంది. ఒక రోజు ఆరనివ్వాలి. దీపం, పొయ్యి దగ్గర్లో ఉండకూడదు. కొనేటప్పుడు లోపలి కొలత చూడండి. 0.600 అంగుళాల షాఫ్ట్‌కి 0.580 అంగుళాల గ్రిప్పు తొడిగితే సాగి లావవుతుంది, మళ్ళీ మణికట్టు బిగుసుకుంటుంది.

మిగతా సామాను

ఇది త్వరగా అయిపోతుంది. ప్రతి క్లబ్బు తలనీ ఒక చేత్తో పట్టుకుని, రెండో చేత్తో షాఫ్ట్‌ని తిప్పడానికి చూడండి. వెంట్రుకవాసి కదిలినా, లోపల గలగల వినిపించినా, తల పైన నల్ల ప్లాస్టిక్ కట్టు జరిగి సందు కనిపించినా ఆ క్లబ్బు పక్కన పెట్టండి. స్వింగ్ మధ్యలో తల ఊడి ఎగిరితే ఎదుటివాళ్ళకి ప్రమాదం. కారు డిక్కీలో క్లబ్బులు వదిలేసేవాళ్ళకే ఈ బాధ ఎక్కువ. మన వేసవిలో మూసిన కారులో వేడికి లోపలి జిగురు మెత్తబడొచ్చు.

క్రోమ్ మీద పైపై తుప్పుకి బాగా సన్న స్టీల్ ఊల్, రెండు చుక్కల కుట్టు మిషన్ నూనె చాలు. గిన్నెల పీచు వాడితే గీతలు పడతాయి. పూత లేని వెడ్జ్ మీద ఎర్రతుప్పు ఆటకి అడ్డం కాదు, తుడిచి వదిలేయండి. క్లబ్బు ముఖం మీది గాడుల్లో ఎండిన మట్టి మాత్రం తీయాలి.

బూట్లు చాలామందికి గుర్తురావు. పైన కొత్తవిలా మెరుస్తాయి గానీ చెమ్మకి అడుగు లోపల నురుగు పొడిపొడి అయిపోయి ఉంటుంది. ఇంట్లోనే తొడుక్కుని ముందు వేళ్ళమీద నాలుగుసార్లు లేచి చూడండి. ఊడిపోయేదేదో మూడో హోల్ దగ్గర కాకుండా వరండాలోనే ఊడిపోతుంది. తోలు గ్లవ్ అప్పడంలా అయి ఉంటే దాన్ని మెత్తబరిచే ప్రయత్నం మానేసి కొత్తది తీసుకోండి. కొత్తదాన్ని వాడాక నలిపి జేబులో కుక్కకుండా చదునుగా ఆరబెట్టండి.

పోయింది స్వింగ్ కాదు

నాలుగు నెలల్లో ఒళ్ళు స్వింగ్‌ని మరిచిపోదు. విరామం తర్వాత వచ్చే ఆటగాళ్ళని వీడియో తీసి పాతదాని పక్కన పెట్టి చూస్తే తేడా పెద్దగా కనిపించదు. పోయేవి మూడు. ఒకటి, క్లబ్బు నేలని ఎక్కడ తాకుతుందన్న కచ్చితత్వం. రెండు, ఇంత దూరానికి ఇంత బలం అన్న చేతి అంచనా. మూడు, టెండన్ల ఓర్పు, అరచేతి కాయలు. మొదటి రెండూ కొద్ది రోజుల్లో వస్తాయి. మూడోది ఆలస్యం. కండ త్వరగా పుంజుకుంటుంది, దాన్ని ఎముకకి పట్టి ఉంచే టెండన్ వెనకబడుతుంది. మనిషికి ఊపొచ్చిన మొదటి రెండు వారాల్లోనే మోచేతులు పోయేది ఇందుకే.

మీ మోచేయి

తడిగుడ్డ పిండినప్పుడు, నిండు బకెట్ ఎత్తినప్పుడు మోచేయి లోపలి ఎముక మీద కలుక్కుమంటే అది గోల్ఫర్ ఎల్బో మొదలు. బయటివైపు అయితే టెన్నిస్ ఎల్బో. గోల్ఫ్ ఆడేవాళ్ళకి, ముఖ్యంగా ఎడమచేతికి, అదీ వస్తుంది. గుడ్డ పిండినా నొప్పి లేకుండా ఉండేదాకా రేంజ్ మానేయండి, పట్టింగ్ చేసుకోవచ్చు. ఈలోగా రోజూ ఒక లీటరు నీళ్ళ సీసా పట్టుకుని, ముంజేతిని బల్ల మీద పెట్టి అరచెయ్యి పైకి ఉంచి, మణికట్టుని మెల్లగా, నాలుగు అంకెలు లెక్కపెట్టేంతసేపు కిందికి వదలండి. పైకి ఎత్తడానికి రెండో చేత్తో సాయం పట్టండి. 15 చొప్పున మూడు విడతలు. చేసేటప్పుడు కాస్త తెలిసినా ఫర్వాలేదు, మర్నాటి పొద్దుటికి ఎక్కువైతే బరువు సగం చేయండి.

ఉంగరపు వేలు, చిటికెన వేలు తిమ్మిరెక్కినా, పదిహేను రోజులకీ తగ్గకపోయినా ఎముకల డాక్టరుకి చూపించాలి. ఇంకోటి కూడా చెబుతున్నాను. మొదటి నెలలో బంతులు ఎక్కువ కొట్టినవాళ్ళకి వీపు పక్కన పక్కటెముక దగ్గర, దగ్గినా లోతుగా ఊపిరి తీసినా గుచ్చుకునే నొప్పి వస్తే కండ పట్టిందనుకుని నూనె రాసి ఆడేయకండి. పక్కటెముకలో సన్న చీలిక అయి ఉండొచ్చు, ఆట ఆపాలి.

మొదటి వారం: నెల్లూరు దాటక్కర్లేదు

ఇంట్లో పట్టింగ్ టైల్స్ మీద చేయకండి. ఏ గ్రీన్ కూడా అంత వేగంగా ఉండదు, చెయ్యి పిరికిదవుతుంది. ముడతలు లేకుండా జంపఖానా పరిచి, ఒక స్టీలు గ్లాసుని పడుకోబెట్టండి. గ్లాసు మూతి 7 సెంటీమీటర్లు ఉంటుంది, గ్రీన్ మీద కప్పు వ్యాసం 10.8. గ్లాసుకి అలవాటు పడ్డ కంటికి కప్పు పెద్దగా కనిపిస్తుంది. ఒక మీటరు దూరం నుంచి, పట్టర్ తలకి రెండు పక్కలా వేలెడు సందు వదిలి రెండు పుస్తకాలు నిలబెట్టి, వాటికి తగలకుండా 30 బంతులు. రోజుకి అంతే. రెండున్నర మీటర్ల నుంచి ప్రపంచస్థాయి ఆటగాళ్ళకే సుమారు సగం పడతాయి. అందుకే కష్టమంతా ఒక మీటరు పట్టింగ్ మీద పెట్టండి, విరామం తర్వాత స్కోరు ముందు కారేది అక్కడే.

చిప్పింగ్‌కి పచ్చిక లేదని దిగులు వద్దు. మడిచిన తువ్వాలుని మూడు నాలుగు మీటర్ల దూరంలో వేసి, బంతి మొదట దాని మీద పడేలా కొట్టడమే పని. ఎక్కడ ఆగిందో పట్టించుకోకండి. గాల్లో పోయే దూరానికీ దొర్లే దూరానికీ ఒక పాత లెక్క ఉంది, మధ్యరకం వేగం ఉన్న చదును గ్రీన్ మీద బాగా కుదురుతుంది. శాండ్ వెడ్జ్‌తో గాల్లో ఒక వంతు పోతే నేల మీద ఒక వంతు దొర్లుతుంది, పిచింగ్ వెడ్జ్‌తో రెండు వంతులు, 9 ఐరన్‌తో మూడు, 8తో నాలుగు, 7తో అయిదు. విరామం తర్వాత శాండ్ వెడ్జ్‌తో పైకి లేపే షాట్లు మానేసి, 9 ఐరన్‌తో దొర్లించడం మేలు. తప్పు కొట్టినా బంతి గ్రీన్ మీదే ఉంటుంది.

నెల్లూరు ఏసీ సుబ్బారెడ్డి స్టేడియంలాంటి చోట నడిచేవాళ్ళ మధ్య బంతి కొట్టొద్దు. దాని బరువు 46 గ్రాములకి కాస్త తక్కువే, కానీ చిప్ షాట్ తగిలినా కన్ను పోతుంది. మిద్దె మీద నెట్ కట్టుకుంటే మంచిదే. అయితే వల కన్ను చూసి కొనండి. బంతి వ్యాసం 42.67 మి.మీ., అంతకన్నా పెద్ద కన్నున్న క్రికెట్ నెట్‌లోంచి అది నేరుగా పక్కింటి కిటికీకి పోతుంది. కన్ను 25 మి.మీ. దాటకూడదు. రొయ్యల గుంటల మీద పక్షులకి కట్టే సన్న వల అసలు ఆగదు, రెండు రోజుల్లో చిరుగుతుంది. నెట్‌కీ వెనక గోడకీ అర మీటరు సందు వదిలి, వలని వదులుగా వేలాడదీయండి. బిగించి కడితే బంతి తిరిగి మీ మీదికే వస్తుంది.

నేల ముందు తగలడానికి మందు: ఇసుక

ఐరన్లకి నేల ముందు తగులుతోందన్నారు. దీనికి మీ ఊరి దగ్గర్లోనే మంచి సౌకర్యం ఉంది. పొద్దున్నే మైపాడు బీచికి వెళ్ళి, అల తడిపి వెళ్ళిన గట్టి ఇసుక మీద మీ రెండు పాదాల మధ్యనుంచి, కొట్టే దిశకి అడ్డంగా ఒక పొడవాటి గీత గీయండి. బంతి లేకుండా 9 ఐరన్‌తో సగం స్వింగ్ వేసి, ఇసుక ఎక్కడ లేచిందో వంగి చూడండి. గాడి గీత మీద గానీ, గీత దాటి ఎడమవైపున గానీ మొదలవ్వాలి. విరామం తర్వాత మొదటి పది స్వింగుల్లో నాలుగు వేళ్ళ మందం వెనక మొదలవుతుంది. కారణం దాదాపు ఎప్పుడూ ఒకటే, బరువు కుడికాలి మీదే ఉండిపోవడం. దించేటప్పుడు ముందు ఎడమ మడమ మీద బరువు పడాలి, ముగించాక కుడికాలు బొటనవేలి మొన మీద నిలబడి ఉండాలి. ఆ భంగిమలో మూడు క్షణాలు నిలబడగలిగితే గాడి దానంతటదే గీతకి చేరుతుంది.

గీత వెంట వెనక్కి జరుగుతూ ఇరవై స్వింగులు వేస్తే మీ ముందు ఇరవై గాడుల లెక్క ఉంటుంది, అదే మీ పరీక్ష పేపరు. చుట్టూ అయిదు మీటర్లలో ఎవరూ ఉండకూడదు, బంతి పెట్టకూడదు. ఇంటికి రాగానే క్లబ్బుని మంచినీళ్ళతో కడిగి తుడవండి, ఉప్పునీరు ఒక్క రాత్రిలో పని మొదలుపెడుతుంది. ఒంగోలు వైపు వాళ్ళు కొత్తపట్నం బీచిలో ఇదే చేసుకోవచ్చు.

ఇంత చెప్పడం ఎందుకంటే రేంజ్ మ్యాట్ అబద్ధం చెబుతుంది. బంతికి వెనక పది సెంటీమీటర్ల దగ్గర క్లబ్బు తగిలినా ప్లాస్టిక్ మీద జారి బంతిని కొట్టేస్తుంది, షాట్ బాగుందనిపిస్తుంది. అదే గడ్డి మీద అయితే బంతి సగం దూరం పోదు. పైగా మ్యాట్ కింద సిమెంటు అదురంతా మోచేతికే. మ్యాట్ తప్పదంటే బంతికి పది సెంటీమీటర్ల వెనక మడిచిన చేతిగుడ్డ పెట్టండి, దానికి తగలకుండా కొట్టాలి.

రెండు, మూడు వారాలు

చెన్నై వారానికి ఒక్కసారే కుదురుతుంది కాబట్టి రెండో పూట మిద్దె మీద నెట్‌లో. నలభై బంతుల్లో మొదటి పది వెడ్జ్‌తో, నడుము ఎత్తు దాకా. తర్వాత పది 9 ఐరన్‌తో, భుజం ఎత్తు దాకా. పదిహేను 7 ఐరన్‌తో, పూర్తి స్వింగ్, ముప్పావు బలం. మిగిలిన అయిదు మళ్ళీ వెడ్జ్. బంతికీ బంతికీ మధ్య వెనక్కి అడుగేసి గురి మళ్ళీ చూసుకోండి, నిమిషానికి రెండు చాలు. పట్టు బలం పదికి నాలుగు. టూత్‌పేస్ట్ కక్కనంతగా పట్టుకోవడం లాంటిది.

రేంజ్‌లో నేల మీద రెండు కర్రలు పెట్టుకోండి, ఒకటి గురివైపు, రెండోది దానికి సమాంతరంగా మీ కాలివేళ్ళ ముందు. కుడిచేతివాళ్ళు విరామం తర్వాత తెలియకుండానే గురికి కుడివైపు నిలబడతారు, బంతి పోయిన దారిని స్వింగ్ తప్పనుకుని సరిదిద్దడం మొదలుపెడతారు. లేని జబ్బుకి మందు వేసుకోవడమే అది.

కోచ్ గురించి అడిగారు. ఈ మూడు వారాలూ వద్దు. నేల తాకే చోటు కుదరకముందు ఎవరు చూసినా తప్పులే కనిపిస్తాయి, అందులో సగం వాటంతటవే పోయేవి. నాలుగో వారానికీ పోని తప్పుతో వెళ్ళండి.

డ్రైవర్ ఎందుకు ఆఖర్న

సంచిలో అన్నిటికన్నా పొడుగుది, సుమారు 45 అంగుళాలు. పట్టర్‌ని వదిలేస్తే ముఖం వాలు అన్నిటికన్నా తక్కువ, 9 నుంచి 12 డిగ్రీలు. వాలు తక్కువైన కొద్దీ ముఖం కొద్దిగా తెరుచుకున్నా బంతి ఎక్కువ వంపు తిరుగుతుంది. వెడ్జ్‌తో అదే తప్పు చేస్తే పక్కకి రెండడుగులు పోతుంది, డ్రైవర్‌తో పక్క హోల్ ఫెయిర్‌వేకి (టీ నుంచి గ్రీన్ దాకా ఉండే పచ్చిక దారి) పోతుంది. మీ 150 బంతుల రోజున డ్రైవర్ చూపించింది కొత్త జబ్బేమీ కాదు, అన్ని క్లబ్బుల్లోనూ ఉన్నదాన్నే పెద్దక్షరాల్లో రాసింది.

మూడో వారం చివర్లో 12 బంతులే. డ్రైవర్ ముఖానికి టాల్కమ్ పౌడర్ పలచగా అద్దండి. కొట్టాక పౌడర్ లేచిపోయిన గుండ్రని మచ్చ ఎక్కడుందో చూడండి. షాఫ్ట్ వైపు, అంటే మడమ దగ్గర మచ్చ ఉంటే అదే బంతిని కుడికి తిప్పుతుంది, మీరు స్వింగ్‌ని తిడుతుంటారు. అప్పుడు బంతికి ఒక అంగుళం దూరం జరగండి. మొనవైపు మచ్చ ఉంటే బంతి ఎడమకి వంగుతుంది, కాస్త దగ్గరికి రండి. మచ్చ మధ్యలో ఉండీ కుడికే పోతుంటే పట్టు చూడండి. ఎడమచేతి మెటికలు పైనుంచి చూస్తే కనీసం రెండు కనిపించాలి. ఒక్కటే కనిపిస్తుంటే చేతిని కొంచెం కుడికి తిప్పి పట్టుకోండి. ఇవన్నీ అయ్యాక కూడా కుడికే పోతే అప్పుడు కొత్త డ్రైవర్ మాట ఆలోచించొచ్చు. అక్కడిదాకా వచ్చేవాళ్ళు తక్కువ.

మార్చి ఆట

నెల్లూరు నుంచి చెన్నైకి మూడు గంటలు కారులో కూర్చుని, దిగగానే మొదటి టీ మీద డ్రైవర్ ఊపితే నడుము పట్టేయకుండా ఉండదు. తుంటి ముందు కండలు కూర్చుని బిగుసుకుపోయి ఉంటాయి. తుంటి తిరగకపోతే ఆ తిప్పుడంతా నడుము మీద పడుతుంది. నాయుడుపేటలోనో సూళ్ళూరుపేటలోనో టీ తాగడానికి ఆగినప్పుడు అయిదు నిమిషాలు నడవండి. అక్కడికి చేరాక ఇంకో పది నిమిషాలు: నడక, కారు పట్టుకుని ఒక్కో కాలూ ముందుకీ వెనక్కీ పదిసార్లు ఊపడం, క్లబ్బుని భుజాల మీద అడ్డంగా పెట్టుకుని రెండువైపులా పదేసిసార్లు తిరగడం, ఆ తర్వాత వెడ్జ్‌తో పది ఖాళీ స్వింగులు. ఒకేచోట నిలబడి బిగబట్టి సాగదీసేవి ఆట అయ్యాక చేసుకోండి.

వీలుంటే దానికి ముందు ఆదివారం 9 హోల్స్ ఆడి చూడండి, ముందరి టీ నుంచి. ప్రతి షాట్‌కీ పాత లెక్కకన్నా ఒక క్లబ్బు ఎక్కువ తీసుకోండి. 7 ఐరన్ అనిపిస్తే 6. విరామం తర్వాత చాలామంది గ్రీన్‌కి చేరక తక్కువ పడతారు, దాటిపోయేవాళ్ళు అరుదు. గ్రీన్ మీద గడ్డి వాలు, అంటే గడ్డి ఏవైపు ఒరిగి ఉందో చూడటం కూడా కన్ను మరిచిపోయి ఉంటుంది. బెర్ముడా గడ్డి మీద మీ వైపునుంచి చూస్తే మెరుస్తుంటే బంతి గడ్డి వాలు వెంట పోతుంది, వేగం ఎక్కువ. మసగ్గా ముదురుగా కనిపిస్తే ఎదురు, కాస్త గట్టిగా కొట్టాలి. పల్లంలో ఇంకా తడి ఉండి బంతి తన గుంటలోనే కూరుకుపోతే, బంకర్‌లో (ఇసుక గుంట), నీటిగుంటల్లాంటి పెనాల్టీ ఏరియాలో తప్ప, జరిమానా లేకుండా తీసి డ్రాప్ చేసుకోవచ్చు. మోకాలి ఎత్తు నుంచి వదలాలి. 2019లో ఈ నియమం మారినా ఇప్పటికీ భుజం ఎత్తునుంచి వదిలేవాళ్ళున్నారు.

స్నేహితులతో స్కోరు పద్ధతి ముందే మాట్లాడుకోండి. హ్యాండీక్యాప్ అంటే చివరి 20 రౌండ్లలో మంచివి 8 తీసి లెక్కకట్టింది. అందులో మీ విరామం లేదు, అది సెప్టెంబరు నాటి మీ ఆట. పార్ 72 కోర్సులో 18 హ్యాండీక్యాప్‌కి బాగా ఆడిన రోజున స్కోరు 90 దరిదాపుల్లో ఉండాలి. తొలి రౌండు 100 దాటితే అందులో వింతేమీ లేదు. స్టేబుల్‌ఫోర్డ్ (ఒక్కో హోల్‌కి పాయింట్లు వేసే పద్ధతి) పెట్టుకుంటే చెడిన హోల్‌కి సున్నా వేసి బంతి జేబులో పెట్టుకుని పోవచ్చు, మిగతావాళ్ళు మీకోసం ఆగక్కర్లేదు.

మార్చి చివరంటే ఎండ కూడా ఆటగాడే. ఆరున్నరకల్లా మొదటి టీ మీద ఉండేలా చూసుకోండి. రెండు హోల్స్‌కి ఒక గ్లాసు నీళ్ళు, దాహం వేసినా వేయకపోయినా. తొమ్మిది అయ్యాక ఉప్పు వేసిన మజ్జిగో, లీటరు నీళ్ళలో కలిపిన ఓఆర్ఎస్సో. బీపీ, షుగరు మందులు వాడుతుంటే ఈ ఉప్పు, చక్కెరల మాట ముందే మీ డాక్టరుని అడగండి. చెమట ఆగిపోయి తల తిరిగినా, ఛాతీ బరువెక్కినా ఆ హోల్ పూర్తిచేయాలనుకోకండి, క్యాడీని (సంచి మోసే సహాయకుడు) పిలిచి నీడకి, అక్కడినుంచి ఆసుపత్రికి.

కార్ట్ దొరికితే రెండో తొమ్మిది హోల్స్‌కి తీసుకోండి, మొహమాటం వద్దు. గ్లవ్‌లు రెండు పెట్టుకుని చెమటకి తడిసినప్పుడల్లా మార్చండి, పట్టు మళ్ళీ బిగిసేది తడి గ్లవ్‌తోనే. పన్నెండో పద్నాలుగో హోల్ దగ్గర మోచేయి గుర్తుచేస్తే డ్రైవర్‌ని సంచిలో పడేసి, టీ మీద నుంచి కూడా 7 ఐరన్‌తోనే ముగించండి.